పేగు జబ్బు, పెళ్లి సంబంధం

వానలు బాగా పడితే పెనుబల్లి మండలంలో జనం లంకాసాగర్ నీటి గురించి మాట్లాడుకుంటారు. శివరాత్రి దగ్గరపడితే నీలాద్రీశ్వరుడి జాతర గురించి. రక్త విరేచనాల గురించి మాత్రం ఎవరూ పైకి మాట్లాడరు. మొలలనుకుని నాటు మందు వాడతారు, లేదా వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకుంటారు. పేగుల్లో పుండ్లు పడే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ జబ్బులు ఈ మౌనం చాటున ఏళ్ల తరబడి ముదురుతాయి.

ఖమ్మం నుంచి తల్లాడ, కల్లూరు మీదుగా వచ్చి వి.ఎం.బంజర దగ్గర బస్సు దిగితే ఒకవైపు మామిడి, పామాయిల్ తోటలు. కొత్తగూడెం వైపు వెళ్లేకొద్దీ అడవి గాలి తగులుతుంది. మేం వెళ్లింది ఒక రైతు ఇంటికి. పెద్దకొడుక్కి ఇరవై ఆరేళ్లు, క్రోన్స్ వ్యాధి. ముందు చూపించుకున్న చోట పేగు క్షయ అనుకుని ఆరు నెలలు టీబీ మందులు వాడించారు. మన దేశంలో ఇది తరచూ జరిగేదే. ఎండోస్కోపీలో రెండు జబ్బుల పుండ్లూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. జబ్బు పేరు తేలేసరికి అతను పద్నాలుగు కిలోలు తగ్గాడు.

తల్లికి ఇప్పుడున్న దిగులు వేరు. కూతురికి తన తమ్ముడి కొడుకుతో సంబంధం అనుకుంటున్నారు. "ఇది మా రక్తంలో ఉన్న జబ్బా అండీ? మేనరికం చేస్తే పుట్టేవాళ్లకీ వస్తుందా?" అని మాతో వచ్చిన డాక్టరు గారిని అడిగింది. పక్కింటివాళ్లు వింటారేమోనని గొంతు తగ్గించి అడిగింది.

ఆ ప్రశ్న వెనక పాతికేళ్ల పరిశోధన ఉంది. 2001లో రెండు బృందాలు విడివిడిగా, పదహారో క్రోమోజోములోని నాడ్2 అనే జన్యువులో లోపాలకూ క్రోన్స్ వ్యాధికీ సంబంధం ఉందని 'నేచర్' పత్రికలో ప్రకటించాయి. బ్యాక్టీరియా గోడ ముక్కల్ని గుర్తుపట్టే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువది. ఆ గుర్తింపు తప్పితే పేగు తనలోని సూక్ష్మజీవులతో సరిగా వ్యవహరించలేదు. 2006లో ఐఎల్23ఆర్ అనే మరో జన్యువు బయటపడింది. అలా కలుపుకుంటూ పోతే ఇప్పటికి జన్యుపటంలో రెండు వందలకు పైగా చోట్లు తేలాయి. ఒక్కొక్కటి ప్రమాదాన్ని పెంచేది కొంచెమే. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి క్రోన్స్ ఉన్నా రెండో వారికి తప్పక రావాలని లేదు, సగానికి పైగా జంటల్లో రాదు. తిండి, పేగులోని సూక్ష్మజీవులు, యాంటీబయాటిక్స్, పొగాకు మిగతా కథ నడిపిస్తాయి.

పైగా ఆ పటం ఎక్కువగా యూరప్ జాతుల రక్తంతో గీసింది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి మన రోగుల్లో వెతికి, అక్కడ పేరుమోసిన నాడ్2, ఐఎల్23ఆర్ మార్పులకు ఇక్కడి జబ్బుతో సంబంధం కనబడలేదని 2011లో చెప్పారు. అందుకే విదేశీ జన్యుపరీక్ష రిపోర్టు చూసి మన పిల్లల పెళ్లిళ్లు తేల్చడం అన్యాయం. ఈ మాట నేను గట్టిగానే అంటున్నాను.

డాక్టరు గారు తల్లికి నేరుగా జవాబివ్వలేదు. ఎదురు ప్రశ్న వేశారు. "మీ ఇళ్లలో ఏడాది లోపు పసిపిల్లలెవరైనా ఆగని విరేచనాలతో, మలద్వారం దగ్గర పుండ్లతో పోయారా అమ్మా?" లేదంది. ఆ ప్రశ్నకు కారణముంది. ఐఎల్10 గ్రాహక జన్యువు రెండు ప్రతులూ పాడైతే పుట్టిన కొన్ని నెలల్లోనే పేగు కుళ్లిపోయేంత తీవ్రమైన జబ్బు వస్తుంది. 2009లో దాన్ని మొదట కనిపెట్టింది దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగిన కుటుంబాల్లోనే. మామూలు మందులకు లొంగదు, ఎముక మజ్జ మార్పిడే దారి. మేనరికం భయపెట్టేది ఇలాంటి ఒంటి జన్యువు జబ్బుల దగ్గర. పెద్దవాళ్లకొచ్చే క్రోన్స్ లెక్క వేరు. అన్నకో తండ్రికో ఉంటే ప్రమాదం మిగతావాళ్ల కంటే పెరుగుతుంది గానీ, అలాంటి ఇళ్లలోనూ ఎక్కువమందికి ఆ జబ్బు రాదు.

మేనరికం సంగతి అలా ఉంచితే, తరతరాలుగా సొంత కులంలోనే చేసుకునే పెళ్లిళ్ల ప్రభావం కూడా చిన్నది కాదు. సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్ భాగస్వామిగా 2017లో వెలువడిన అధ్యయనం దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల్ని పరిశీలించింది. వాటిలో 81 సమూహాలు అష్కెనాజీ యూదుల కంటే చిన్న మూలం నుంచి పెరిగాయని తేల్చింది. క్రోన్స్ ఎక్కువగా కనబడే జనాల్లో ఆ యూదులూ ఒకరు. మన సమూహాల్లో ఏమేం దాగుందో వెతకడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

పల్లెలకు ఈ జబ్బు రాదన్న నమ్మకం కూడా చెదిరింది. డాక్టర్ రూపా బెనర్జీ బృందం తెలంగాణలో 32,021 మంది పొట్ట సమస్యల రోగుల్ని చూసి 2023లో ప్రచురించిన లెక్కల్లో, ఊళ్లలోనూ పట్నంలోనూ ఈ జబ్బు దాదాపు ఒకే మోతాదులో ఉంది.

ఇంతకీ ఆ ఇంట్లో ఆ రోజు అత్యవసరమైన జన్యువు వేరొకటి. కొడుకు వాడుతున్నది అజాథయోప్రిన్ అనే మాత్ర. దాన్నుంచి శరీరంలో తయారయ్యే విషపదార్థాల్ని ఎన్‌యూడీటీ15 అనే ఎంజైమ్ విరిచేస్తుంది. ఆ ఎంజైమ్ జన్యువులో 415వ అక్షరం సీ బదులు టీ అయితే విరవడం మందగిస్తుంది. తెల్లకణాలు పడిపోతాయి, జుట్టు ఊడుతుంది, మామూలు జ్వరం ప్రాణం మీదికి వస్తుంది. యూరప్‌లో టీపీఎంటీ జన్యువు ముఖ్యం. మన దగ్గర 1,014 మంది రోగులతో హైదరాబాద్‌లో జరిగిన అధ్యయనం, ముందుగా చూడాల్సింది ఎన్‌యూడీటీ15నేనని 2020లో చూపింది.

"జుట్టేమైనా రాలుతోందా బాబూ?" అని డాక్టరు గారు అడిగారు. అతను తల నిమురుకుని, దువ్వెనకు కొంచెం వస్తోందన్నాడు. ఆఖరి రక్తపరీక్ష ఎప్పుడో గుర్తులేదు. తెల్లకణాల లెక్క దగ్గర్లోనే చేయించుకోవచ్చు, జన్యుపరీక్షకు రక్తం హైదరాబాద్ పంపాలి. రెండూ వచ్చేదాకా మాత్ర ఆపమని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి, దాన్ని మొదలుపెట్టిన డాక్టరు నంబరుకు అక్కడినుంచే ఫోన్ చేశారు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న చెల్లెలు లోపలికొచ్చి, తనకూ రెండు నెలలుగా కడుపులో నొప్పి వస్తోందని, ఎవరికీ చెప్పలేదని చెప్పింది. డాక్టరు గారు ఇంకో చీటీ తీశారు.