అనుభవించేది తల్లి, హక్కు కూతురిది

అలికాంతే తీరంలో ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డ ఇంగ్లిష్ పెన్షనర్లకు స్పానిష్ వీలునామాలు ఇంగ్లిష్‌లోకి మార్చిపెట్టడం నా బతుకుతెరువు. వాటిలో నన్ను బాగా సతాయించేది ‘ఎరెదెరో’. నిఘంటువులో వారసుడనే ఉంటుంది. అలా రాసి వదిలేస్తే ఇంగ్లిష్ వాళ్లు తమ పద్ధతిలోనే అర్థం చేసుకుంటారు. వాళ్ల దగ్గర ఎగ్జిక్యూటర్ అప్పులన్నీ తీర్చి, మిగిలింది పంచుతాడు. ఇక్కడ ఎరెదెరో ఏకంగా పోయినవాడి స్థానంలోకే వస్తాడు. షరతుల్లేకుండా ఒప్పుకున్నాడా, ఆస్తితో పాటు అప్పులూ నెత్తిన పడతాయి. చాలకపోతే సొంత డబ్బు పెట్టి తీర్చాల్సిందే. వచ్చిన ఆస్తి మేరకే బాధ్యత ఉండాలంటే ‘బెనెఫిసియో దె ఇన్వెంతారియో’ కింద ఒప్పుకోవాలి. అందుకే అనువాదం కింద రెండు ముక్కల వివరణ పెడతాను. కొందరు లాయర్లకు గిట్టదు. గిట్టకపోతే పోనీ.

పిల్లలుంటే ఆస్తిలో మూడింట రెండొంతులు వాళ్లకే చెందాలంటుంది 1889 నాటి స్పానిష్ సివిల్ కోడ్. అందులో ఒక వంతు అందరికీ సమానం. రెండోది ‘మెహోరా’, అంటే పిల్లల్లోనో మనవల్లోనో నచ్చినవారికి ఎక్కువ ఇచ్చుకోవచ్చు. స్వార్జితాన్ని ఎవరికైనా రాసేయవచ్చనుకునే మన నాన్నలకు ఇది మింగుడుపడదు. ఇంగ్లిష్ వాళ్లకూ అంతే. అయితే తమ దేశపు చట్టమే వర్తించాలని వీలునామాలో రాసుకునే వీలు 2015 ఆగస్టు 17 నుంచి వచ్చింది. కాగితం చేతికొస్తే ముందు ఆ వాక్యం కోసమే వెతుకుతాను.

‘ఉసుఫ్రుక్తో’ మాత్రం తెలుగువాడికి తేలిక. “నా జీవితకాలం అనుభవించి, నా తదనంతరం...” అని మన దస్తావేజుల్లో రాయిస్తారే, అలాంటిదే. ఆమధ్య ఒకావిడ వచ్చింది. భర్త తన పేరునున్న ఇంటి మీద అనుభవ హక్కు ఆవిడకు, యాజమాన్యం లీడ్స్‌లో ఉన్న కూతురికి రాసి పోయాడు. పన్ను లెక్కలో 89లోంచి వయసు తీసేస్తే ఆ హక్కు శాతం వస్తుంది. ఆవిడకు 75 ఏళ్లు, అంటే 14 శాతం. మిగతా 86 కూతురిది.

“ఇల్లు అమ్మాలంటే నా సంతకం చాలదా?” అంది.

“చాలదండీ, మీ అమ్మాయి కూడా పెట్టాలి.”

“నేనింకా బతికే ఉన్నానుగా!”

అక్కడే కూతురికి ఫోన్ చేయించాను. వారసత్వ పన్ను కట్టడానికి చావు నాటి నుంచి ఆరు నెలలే గడువు.