సగం ఎంబీఏ శంషాబాద్‌లో...

విదేశీ చదువుకు పిల్లల్ని విమానం ఎక్కించడం మనకు అలవాటే. మరి ఆ చదువే విమానం దిగి మన ఊరొస్తే? బెంగళూరు రోడ్డు మీద పాల్మాకుల దాటినప్పుడల్లా నాకు షూలిక్ గుర్తొస్తుంది.

కెనడాలోని యార్క్ యూనివర్సిటీ బిజినెస్ స్కూల్ అది. 1966లో టొరంటోలో మొదలైంది. భారీ విరాళమిచ్చిన సేమూర్ షూలిక్ పేరును 1995లో పెట్టుకుంది. 2010లో ముంబయిలో ఎంబీఏ తరగతులు ప్రారంభించి, 2013లో జీఎంఆర్ సంస్థతో కలిసి మన ఎయిర్‌పోర్టు పక్కకొచ్చింది.

రెండేళ్లూ ఇక్కడే చెప్పాలన్నది వాళ్ల ఆలోచన. అందుకు చట్టం కావాలి. 2010లో పార్లమెంటుకొచ్చిన విదేశీ విద్యాసంస్థల బిల్లేమో పాసవకుండానే 2014లో లోక్‌సభతో పాటే మురిగిపోయింది. దాంతో అకౌంటింగ్, మార్కెటింగ్ లాంటి మూల పాఠాలు మొదటి ఏడాది ఇక్కడ, నచ్చిన సబ్జెక్టులు రెండో ఏడాది టొరంటోలో అన్నట్టు సర్దుకున్నారు. డిగ్రీ మాత్రం యార్క్‌దే.

సగమే కదా అని తీసిపారేయలేం. అప్పు చేసి చదివించే ఇంట్లో ఒక ఏడాది డాలర్ల అద్దె, తిండి ఖర్చు తప్పడం చిన్న విషయమా! అమ్మాయి ఆ చదువు తట్టుకోగలదో లేదో కళ్లముందే తెలిసిపోతుంది కూడా. కాకపోతే వీసా బెంగ అలాగే ఉంటుంది.

చివరికి యూజీసీ 2023 నవంబరులో విదేశీ క్యాంపస్‌లకు నిబంధనలు తెచ్చింది. 2025లో బ్రిటన్‌కు చెందిన సౌతాంప్టన్ యూనివర్సిటీ గురుగ్రామ్‌లో పూర్తి డిగ్రీలకే తరగతులు మొదలుపెట్టింది. ఆ అనుమతి పదేళ్ల ముందే దొరికి ఉంటే, ఎంబీఏ కోసం ఎన్ని ఊళ్ల పిల్లలు శంషాబాద్‌లో దిగేవారో!