వెలిగొండల నీడలో నలుగురు, రెండు కెమెరాలు

ఆత్మకూరు నుండి బద్వేలు వెళ్లే జాతీయ రహదారిపై ప్రయాణించేవారు మర్రిపాడులో సాధారణంగా ఆగరు. కృష్ణపట్నం రేవుకు పోయే లారీలకు అది దారిలో తగిలే మరొక ఊరు మాత్రమే. ఒక వైపు ఉదయగిరి దుర్గం, ఇంకొక వైపు మన పెద్దలు రహమతాబాదు అని పిలుచుకున్న అనుమసముద్రంపేట, పడమట కడప సీమను వేరుచేస్తూ వెలిగొండలు. నడుమ వాన కోసం ఎదురుచూసే మెట్టభూములు, చిల్లచెట్లు, గొర్రెల మందలు. చూడదగిన స్థలాల పట్టికలో ఈ మండలం పేరు ఎవరూ రాయరు. అయినప్పటికీ గత మూడేళ్లుగా మేము వారానికొక ఉదయం ఇక్కడే గడుపుతున్నాము.

మేము నలుగురం. ఒకరు ఆర్టీసీలో కండక్టరు, ఒకరు విద్యుత్ శాఖలో లైన్‌మన్, ఒకరు తపాలా ఉద్యోగి, ఒకరు ఉర్దూ ఉపాధ్యాయుడు. అందరమూ పదవీ విరమణ పొందినవారమే. మాలో చిన్నవారికి 62, పెద్దవారికి 74. ఒకే మసీదులో ఏళ్ల తరబడి ఒకే వరుసలో నిలబడి నమాజు చేసినవారము. అయితే సలాము, ప్రతి సలాము దాటి మా మధ్య సాగిన సంభాషణ స్వల్పం. ఉద్యోగం ఉన్నప్పుడు తీరిక లేదు, తీరిక వచ్చాక ఏం మాట్లాడుకోవాలో తెలియలేదు.

మాస్టరు గారి సతీమణి మరణించిన తరువాత ఆయన ఇల్లు కదలడం మానేశారు. కుమారులిద్దరూ కువైట్‌లో. అయిదు పూటలా మసీదుకు వచ్చేవారు, వచ్చినట్టే తిరిగిపోయేవారు. ఫజ్ర్ తరువాత దినం ఎలాగో గడిచిపోతుంది గాని, జొహ్ర్‌కూ అస్ర్‌కూ నడుమనున్న కాలమే ఒంటరివానికి కొండలా నిలుస్తుంది. పెద్ద కుమారుడు ఎప్పుడో పంపిన కెమెరా ఒకటి ఆయన బీరువాలో మూలపడి ఉందని తెలిసి, కండక్టరు సాబ్ ఒకరోజు వాళ్లింటికి వెళ్లారు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. "మాస్టరు గారూ, ఈ కెమెరా నాకు నేర్పించాల. మీరు కాకుంటే ఇంకెవురు చెప్తారు?" అన్నారట. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి, నేర్పమని అడిగినవాణ్ణి ఎలా కాదంటాడు? ఆ రాత్రే ఆయన కళ్లద్దాలు పెట్టుకుని దానితో వచ్చిన పుస్తకం చదవడం మొదలుపెట్టారు. మా దృష్టిలో ఆ కండక్టరు సాబ్ చేసిన పని పరామర్శకు వచ్చిన వందమంది చేసిన దానికన్నా గొప్పది.

ఫోటోల విషయంలో ధర్మసమ్మతమేదన్న ప్రశ్న మా మధ్య సహజంగానే వచ్చింది. జీవుల చిత్రాల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉంది. అచ్చుపడిన నీడ వంటిదే గనుక ఫోటోకు అనుమతి ఉందని ఈజిప్టు ముఫ్తీ షేక్ ముహమ్మద్ బఖీత్ వంటివారు వాదించగా, మన దేశపు ఉలమాలలో చాలామంది పాస్‌పోర్టు వంటి అవసరాలకే దానిని పరిమితం చేశారు. చిత్రాలు గీసి బతికే ఒక వ్యక్తికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెట్లనూ, ప్రాణం లేని వస్తువులనూ గీసుకొమ్మని సలహా ఇచ్చినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. మాస్టరు గారు దానినే తమ నియమంగా పెట్టుకున్నారు. కండక్టరు సాబ్ అంత కట్టుదిట్టంగా లేరు. ఒకరినొకరు తప్పుపట్టుకోకూడదన్నది మాత్రం నలుగురం ఒప్పుకున్న షరతు.

కెమెరా మనకు పరాయి వస్తువని కొందరు అంటుంటారు. మనం ఉర్దూలో గదిని పిలిచే 'కమ్రా', ఈ 'కెమెరా' ఒకే మూలం నుండి పుట్టినవి. మొదట్లో కెమెరా అంటే చీకటి గదే. గోడకు చిన్న రంధ్రం, ఎదుటి గోడపై తలకిందులుగా బయటి ప్రపంచం. బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ వెయ్యేళ్ల కిందట కాంతి సరళరేఖలలో పయనిస్తుందని నిరూపించడానికి ఇటువంటి చీకటి గదులలోనే ప్రయోగాలు చేశారు. ఈ సంగతి మాస్టరు గారు చెప్పిన మరునాడు లైన్‌మన్ సాబ్ తమ ఇంటి కిటికీలన్నీ అట్టలతో మూసి రంధ్రం పెట్టారు. వీధిలోని వేపచెట్టు గోడపై తలకిందులుగా ఊగుతుంటే మనుమలకన్నా ఆయనే ఎక్కువ సంబరపడ్డారు.

మర్రిపాడు వైపు వెళ్లడం తొలుత లైన్‌మన్ సాబ్ ఆలోచన. స్తంభాలు ఎక్కిన కాలంలో ఆ పొలాలన్నీ ఆయనకు పైనుండి పరిచయం. ఫజ్ర్ నమాజు కాగానే ఆటోలో బయలుదేరుతాము. కొండ వెనుక నీడ ఇంకా నీలంగా ఉండగానే తూర్పు ఎండ శిఖరాలను తాకుతుంది. ఆ వెలుగు నిలిచేది పావుగంట. చేతులు వణికే వయసులో ఆ పావుగంటను పట్టుకోవాలంటే మూడు కాళ్ల స్టాండు కావాలి. మీట నొక్కిన రెండు క్షణాలకు ఫోటో తీసే అమరిక పెట్టుకుంటే నొక్కినప్పటి వణుకు కూడా చిత్రంలోకి రాదు. ఇటువంటి చిన్న ఉపాయాలు మేము ఎన్నో కనిపెట్టాము.

దారిలో కలిసే గొర్రెల కాపరి ఒకడు మమ్మల్ని చూసి నవ్వుతాడు. "ఏంది సాయిబూ, ఆ బండలో ఏముండాదని పొద్దున్నించీ చూస్తా ఉండారు?" అని అడుగుతాడు. అతని మందలో జోడిపి జాతి గొర్రెలు ఎక్కువ. తెల్లని ఒళ్లు, కళ్ల చుట్టూ, మూతి దగ్గర నల్లని మచ్చలు. తన పొట్టేలుకు ఫోటో తీసిపెట్టమని అతడు అడిగితే మాస్టరు గారు మౌనంగా కొండవైపు తిరిగారు. కండక్టరు సాబ్ తీసిచ్చారు.

అడవి అంచుకు పోయినప్పుడు ఎర్రచందనం కాపలా సిబ్బంది ఒకసారి మా సంచులు విప్పించారు. స్టాండు కాళ్లు చూసి గొడ్డలి పిడులనుకున్నారట! సంగతి తెలిశాక వారిలోని ఒక యువకుడు మమ్మల్ని ఒక ఎర్రచందనం చెట్టు దగ్గరకు తీసుకువెళ్లాడు. దాని బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా ఉంటుంది. మా తపాలా మిత్రుడు ఆ బెరడునే గంటసేపు తీశారు.

ఉదయగిరికి మేము వెళ్లింది మాత్రం ఏడాది తరువాత. దుర్గం సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తు. గజపతుల చేతినుండి ఈ కోటను గెలవడానికి శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడి సాగించి 1514లో సాధించారు. తరువాత అది గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోకి వచ్చింది. అందుకే ఒకే ఊరిలో రంగనాయకుల గుడి, దుర్గంపై మసీదులు కనిపిస్తాయి. పెద్ద మసీదులో పారశీ శాసనాలు ఉన్నాయి. సుల్తాను అబ్దుల్లా కాలంలో షేక్ హుసేన్ అనే సర్దారు ఆ మసీదును కట్టించి, తోట వేయించినట్లు అవి తెలుపుతాయి. యువకులు తేలికగా ఎక్కే ఆ కొండను మేము ప్రతి మలుపులో కూర్చుంటూ ఎక్కాము.

శాసనాన్ని ఫోటో తీయడం కష్టం. ఎండ నేరుగా పడితే రాయి తెల్లబడి అక్షరం కనిపించదు. వెలుగు పక్కనుండి ఏటవాలుగా పడాలి. అప్పుడే ప్రతి అక్షరానికీ నీడ ఏర్పడుతుంది. అందుకని ఎండ వాలేదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాము. చేయడానికి ఏ పనీ లేదు, కిందికి దిగిపోవడానికీ లేదు. ఆ నిరీక్షణలోనే మాస్టరు గారు తొలిసారి ఆమె గురించి మాట్లాడారు. "తోట వేసిన సంగతి రాతి మీద రాయించుకున్నాడు ఈ హుసేన్ సాబ్. మా ఇంట్లో ఆమె కూడా వేసింది, పెరట్లో ఒక నిమ్మచెట్టు, కరివేపచెట్టు, మల్లెతీగ. ఆమె పోయాక నేను ఒక్కనాడూ నీళ్లు పోయలేదు" అన్నారు. ఆమె ఫోటో ఆయన దగ్గర ఒక్కటే ఉంది, హజ్ కోసం తీసిన పాస్‌పోర్టులోది. దానిని పెద్దది చేయించమని కుమారులు అడిగితే ఒప్పుకోలేదట. మేమెవ్వరం ఏమీ అనలేదు. కాసేపటికి ఎండ పక్కకు వాలింది. ఆయన లేచి స్టాండు సరిచేసుకున్నారు.

షేక్ హుసేన్ తోట ఎక్కడుండేదోనని దిగేటప్పుడు నలుగురం వెతికాము. కనిపించినది చిట్టడవి మాత్రమే.

మరొకసారి మా ఇళ్లలోని స్త్రీలు కూడా ఉదయగిరికి వచ్చారు. అక్కడి కొయ్య గరిటెలు, చెంచాల పనికి 2015లో భౌగోళిక గుర్తింపు లభించింది. దుర్గం అడవిలో దొరికే నర్ది, బిక్కి వంటి కర్రతో చేస్తారు. చేసేవారిలో అధికులు స్త్రీలు, వారిలో మన ముస్లిం కుటుంబాలవారు చాలామంది. పురుషులం వెళితే వాకిట్లో నిలబడవలసిన చోటికి వీరు నేరుగా వంటింటి దాకా వెళ్లారు. లైన్‌మన్ సాబ్ సతీమణి రెండవ కెమెరా తీసుకుని వెళ్లి, చెక్కుతున్న గరిటెలనూ, నేలపై రాలిన పొట్టునూ, ఆకురాయి పక్కన ఉంచిన టీ గ్లాసునూ తీసుకువచ్చారు. మేము కొండలు తీసిన మూడేళ్లలో అంత మంచి ఫోటో ఒకటీ రాలేదని ఒప్పుకోక తప్పలేదు. ఆ కెమెరా అప్పటినుండి ఆమె దగ్గరే ఉంది.

ముసలితనంలో ఇదేమి పిచ్చి అని నవ్వేవారికి మాస్టరు గారు ఇద్దరు స్త్రీల సంగతి చెబుతారు. కలకత్తాలో పుట్టి ఇంగ్లాండులో స్థిరపడిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 1863లో, 48 ఏళ్ల వయసులో, ఒంటరితనం తోచకుండా ఉంటుందని కుమార్తె ఒక కెమెరా బహూకరించింది. ఆమె ఆ శతాబ్దపు గొప్ప ఛాయాచిత్రకారులలో ఒకరయ్యారు. జపాన్‌లో కిమికో నిషిమోటో 72 ఏళ్ల వయసులో కుమారుడు నడిపే తరగతిలో చేరి ఫోటోలు నేర్చుకున్నారు. అయితే వీరి కీర్తికన్నా మాకు ఎక్కువగా గుర్తుండేది ఆ కుమార్తె, ఆ కుమారుడు. తల్లికి డబ్బు పంపి ఊరుకోలేదు. చేయడానికి ఒక పని ఇచ్చారు.

దివ్య ఖుర్ఆన్‌లోని గాషియా సూరా ఒంటెను, ఆకాశాన్ని, పర్వతాలను, నేలను చూడమని మనిషిని పిలుస్తుంది. చిన్ననాటినుండి చదివిన సూరాయే. మర్రిపాడు బండలపై కూర్చుని, ఒకే కొండను ఇరవై ఉదయాలు ఇరవై రంగులలో చూసిన తరువాత ఆ పిలుపు మాకు మరింత దగ్గరగా వినిపిస్తున్నది.

మాస్టరు గారు ఇప్పుడు పెరట్లోని నిమ్మచెట్టును ప్రతి జుమా నాడు ఒకేచోట నిలబడి తీస్తున్నారు. మొదటి చిత్రాలలో ఎండిన కొమ్మలే ఎక్కువ. తరువాతి వాటిలో పాదు తవ్వి ఉంది, నీటి తడి కనిపిస్తుంది, మొన్నటి దానిలో చిగురు. మల్లెతీగ మాత్రం బతకలేదు. కువైట్ నుండి చిన్న కుమారుడు ఆ చిత్రాల కోసం జుమా నమాజు కాగానే ఫోను చేస్తున్నాడు. వచ్చే వారం మేము సోమశిల జలాశయం వైపు వెళ్లాలని అనుకుంటున్నాము. పెన్నకు నీళ్లు వదిలితే ఉదయపు మంచులో ఎలా ఉంటుందో చూడాలని తపాలా మిత్రుని పట్టుదల. టీ ఫ్లాస్కు ఎవరు తేవాలన్న విషయంపై తగవు ఇంకా తెగలేదు.