వడ్లమూడిలో ‘రైస్’ పాఠం

గుంటూరు నుంచి తెనాలి వెళ్లే దారిలో వడ్లమూడి. సంగం డెయిరీ, విజ్ఞాన్ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. జర్మనీ చదువుల మీద మనసుపడ్డ ఇక్కడి కుర్రాడికి డ్యుయోలింగో లాంటి యాపే తొలి పలక. పాలు ‘మిల్ష్’, స్త్రీలింగం. బల్ల ‘టిష్’, పుంలింగం! అమ్మాయి ‘మేడ్షెన్’ మాత్రం నపుంసకం. చివర ‘షెన్’ వస్తే అంతేనట!

అసలు తమాషా ‘రైస్’తో. చేలో పండినా, కంచంలో ఉడికినా జర్మన్లకు మామూలుగా అదే మాట. మనకో... వడ్లు, బియ్యం, అన్నం. పేరులోనే వడ్లు వినిపించే ఊరివాడికి అదెలా ఆనుతుంది?

గోథె ఇన్‌స్టిట్యూట్ ఏ1 పరీక్షలో ఫోను పక్కనపెట్టి మనుషులతో మాట్లాడాలి. ముందు చెప్పాల్సింది పేరు, ఆపైన ఊరు.