కంపాలాలో మాత్ర వేళ

యుగాండాలోని ఎంటెబీ విమానాశ్రయంలో పాస్‌పోర్టు కంటే ముందు పసుపు కార్డు అడిగారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం టీకా కేంద్రంలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుంటే ఇచ్చే కార్డు అది. టీకా వేశాక 10 రోజులకు గానీ చెల్లదు. తిరిగొచ్చేటప్పుడు మనవాళ్ళూ అడుగుతారు, పారేసుకోకండి.

నా సంచిలో అంతకంటే ముఖ్యమైనవి మాత్రలు. అమ్మ వైపు నుంచి నాకు సంక్రమించిన ఆస్తి ప్రోటీన్ ఎస్ లోపం. రక్తం అక్కర్లేని చోట గడ్డకడుతుంది, అందుకని రోజూ వార్ఫరిన్ వేసుకుంటాను. దానికి తోడు మలేరియా రాకుండా ఇంకో మాత్ర కావాలి, యుగాండా మలేరియాకు క్లోరోక్విన్ పనిచేయదు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ వేసుకుందామంటే, ప్రోగ్వానిల్ వార్ఫరిన్ బలాన్ని పెంచే ప్రమాదం ఉంది. డాక్సీసైక్లిన్‌తోనూ అదే పేచీ. మామూలువాళ్ళు ప్రయాణానికి ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టే అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ మాత్రనే డాక్టరుగారు నాతో కొన్ని వారాల ముందే వేయించి, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ 2కీ 3కీ మధ్య నిలబడిందని చూసుకున్నాకే వెళ్ళమన్నారు. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి "మలేరియా ఎవరికండీ?" అని జాలిపడ్డాడు. "ఇంకా ఎవరికీ రాలేదు బాబూ" అంటే నమ్మలేదు.

ఎంటెబీ విమానాశ్రయం నుంచి కంపాలా సుమారు 40 కిలోమీటర్లు. ఊళ్ళోకి రాగానే చెత్తకుప్పల మీద నిలబడ్డ మారబూ కొంగలు కనిపించాయి. బట్టతల, మెడకింద వేలాడే సంచి, ఇంచుమించు మనిషంత ఎత్తు. పదవీ విరమణ చేసిన హెడ్మాస్టర్లలా నన్ను పైనుంచి కిందికి చూశాయి. వాటిని చూస్తూ ఓల్డ్ టాక్సీ పార్కులో దారి తప్పాను. అన్నీ తెల్ల వ్యాన్లే, కండక్టర్లందరూ ఒకేసారి అరుస్తుంటారు. మన కోఠి బస్టాపులో పెరిగినదాన్నని ధీమాగా దిగాను కానీ, ఏ వ్యాను ఎటు పోతుందో అంతు చిక్కలేదు. బోడా బోడా అనే బైకు టాక్సీ ఎక్కితే చిటికెలో బసకు చేరేదాన్ని. వార్ఫరిన్ మీద ఉన్నదాన్ని, పడి తలకు దెబ్బ తగిలితే లోపల రక్తం ఆగదు. కాబట్టి నడక. అంత ఎండలో ఎందుకు నడుస్తానంటున్నానో ఆ బైకు కుర్రాళ్ళకు అర్థం కాలేదు. కానీ ఒకతను బండి పక్కన పెట్టి, నాతో పాటు మలుపుదాకా వచ్చి దారి చూపించాడు.

నా మలేరియా మాత్రను కొవ్వు ఉన్న తిండితో వేసుకుంటేనే ఒంటికి సరిగా పడుతుంది. కంపాలా వీధులు దానికోసమే పుట్టినట్టున్నాయి. పెనం మీద నూనె చిటపటలాడుతుండగా ఆమ్లెట్ వేసి, క్యాబేజీ, టమాటా చల్లి, చపాతీలో చుట్టి ఇస్తారు. దాని పేరు రోలెక్స్! రోజూ ఉదయం ఒక రోలెక్స్, ఒక మాత్ర. అరటాకుల్లో ఆవిరి మీద వండిన మటోకే అయితే పల్లీల పులుసుతో తినాలి, ఒట్టి అరటికాయలో కొవ్వేముంటుంది? పక్కన పెట్టిన ఆకుకూర చూసి నాకు నవ్వాగలేదు. దాన్ని వాళ్ళు డోడో అంటారు, అచ్చం మన తోటకూరే. విటమిన్ కె దండిగా ఉంటుంది, వార్ఫరిన్‌కు అది విరుగుడు. ఇంట్లో ఎంత తింటానో అంతే వడ్డించుకున్నాను. వేయించిన మిడతలు కూడా అమ్ముతున్నారు. మా ఊళ్ళో తొలకరికి ఉసిళ్ళు వేయించుకు తిన్నదాన్ని, మొహం చిట్లించే హక్కు నాకు లేదు.

భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏ నెలలోనైనా ఏడు గంటల ప్రాంతంలో చీకటి పడుతుంది. మలేరియా దోమ కుట్టేది అప్పటినుంచి తెల్లారేదాకా. నాకు గది ఇచ్చిన పెద్దావిడ దోమతెర కట్టి, నా మాత్రల పెట్టె చూసి నవ్వింది. అక్కడివాళ్ళు జ్వరమొస్తే పరీక్ష చేయించుకుంటారు గానీ రోజూ మాత్రలు మింగరు. నేనూ గొప్పకు పోయి, దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ చూసింది మా సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న, అన్నాను. "అయితే మీ ఊళ్ళో ఇప్పుడు దోమలు లేవన్నమాట" అందావిడ. మాట మార్చాను.

ఇంటికొచ్చాక కూడా 7 రోజులు మాత్ర మానకూడదు. "వచ్చేశావు కదే, ఇంకా ఎందుకు?" అని అమ్మ రోజూ సణిగింది. ఆపాక ఐఎన్ఆర్ మళ్ళీ చూపించుకున్నాను, వార్ఫరిన్ లెక్క మళ్ళీ మారుతుంది మరి. మీరు వెళ్ళొస్తే, ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టరుకు ముందు యుగాండా సంగతి చెప్పండి.