ఎడమవైపు తలుపు

మా కారు వెనుక ఎడమవైపు తలుపు గత చలికాలం నుండే మొరాయిస్తూ వచ్చింది. రిమోట్ నొక్కితే మూడు తలుపుల లాక్ బటన్లు ‘టక్’మని ఒక్కసారిగా పైకి లేచేవి. నాలుగోది కాస్త వణికి, ఉన్నచోటనే ఉండిపోయేది. మేము అన్నదమ్ములం ఇద్దరమూ దానికి అలవాటుపడిపోయాం. ముందు సీటులో నుంచి వెనక్కి వంగి, ఆ బటన్‌ను వేళ్ళతో పైకి లాగి పని గడుపుకునేవాళ్ళం. ‘ఈ ఆదివారం చూద్దాం’ అనుకునేవాళ్ళం. ఎన్నో ఆదివారాలు వచ్చాయి, వెళ్ళిపోయాయి.

కోరుట్లలో గల్ఫ్‌తో సంబంధం లేని వీధి కనబడదు. మాలో చిన్నవాడు కూడా కొన్నేళ్ళు షార్జాలో ఉండి వచ్చాడు. ఆ సంపాదనలో మిగిలిన దానితోనే ఈ పాత కారు కొన్నాం. తక్కువ ధర రకం కాబట్టి దానికి కంపెనీ వాళ్ళు బిగించిన సెంట్రల్ లాకింగ్ లేదు. మొదటి యజమాని బయట దుకాణంలో పెట్టించాడు. షార్జాలో చిన్నవాడు పనిచేసింది కార్ల గ్యారేజీలోనే. అంటే ఆ తలుపులో చెడిపోయింది ఏమిటో మాకు తెలియక కాదు. తెలిసే వాయిదా వేశాం. ఈ సంగతిని ముందుగానే ఒప్పుకోవడం మంచిది.

నిరుడు మా అబ్బాజాన్ వజూ చేస్తూ జారిపడ్డారు. తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగింది. నడుము ఎక్కువగా వంచరాదనీ, కూర్చున్నచోట మెలిక తిరగరాదనీ డాక్టరు గట్టిగా చెప్పారు. అప్పటి నుండి కారులో ఆయన చోటు వెనుక ఎడమవైపు సీటు. ఆ తలుపు తెరిస్తే కాలు నేరుగా రోడ్డు అంచున మోపవచ్చు. కుడివైపు దిగితే వాహనాల మధ్యకే దిగాలి. ఇంత తెలిసి కూడా, ఆయన కూర్చునే తలుపు ఏదో, చెడిపోయిన తలుపు ఏదో మేము ఒక్కసారి కూడా కలిపి ఆలోచించలేదు.

మే నెలలో ఒక శనివారం ఆయనను పరీక్ష కోసం కరీంనగర్‌లోని ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. రోళ్ళు పగిలే ఎండ. ఆసుపత్రి ముందు ఇరుకైన రోడ్డు. మా వెనుక ఆటోలు హారన్లు మోగిస్తున్నాయి. రిమోట్ నొక్కాం. బటన్ లేవలేదు. చేత్తో లాగాం. ఎప్పుడూ వచ్చేది, ఆ రోజు బిగుసుకుపోయి కదలలేదు. బయటి పిడి లాగినా, లోపలి పిడి లాగినా ఫలితం లేదు. చివరకు అబ్బాజాన్ రెండు చేతులూ సీటుకు ఆనించి, అంగుళం అంగుళం చొప్పున కుడివైపుకు జరిగారు. మెలిక తిరగకూడదన్న నడుము మెలిక తిరిగింది. దిగేటప్పుడు ఒక మోటారు సైకిలు ఆయన చేతికర్రను రాసుకుంటూ పోయింది. మేము చెరో భుజం పట్టుకున్నాం. ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. నోటి వెంట ఒక్క మాట రాలేదు.

దైవానుగ్రహం వల్ల తుంటికి ఏమీ కాలేదని డాక్టరు చెప్పారు. తిరుగు ప్రయాణంలో జగిత్యాల దాటేవరకు కారులో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు అబ్బాజాన్ అడిగారు:

“బేటా, ఆ తలుపు సంగతి మీకు ముందుగల్లనే ఎరుకేనా?”

మా ఇద్దరిలో ఎవరూ జవాబు చెప్పలేకపోయాం. ఆయన మళ్ళీ అడగలేదు.

ఆ రాత్రి ఇషా నమాజు తరువాత మేము చాలాసేపు వాకిట్లోనే కూర్చున్నాం. ఆయన శస్త్రచికిత్సకు అప్పు చేశాం. మందులు ఒక్కపూట కూడా తప్పనివ్వలేదు. సేవ అంటే ఇదేనని, దానిని నెరవేరుస్తున్నామని మనసులో ఒక తృప్తి ఉండేది. ఆ తృప్తి మా కళ్ళకు తెర కట్టింది. పెద్ద ఖర్చు పెట్టిన చేతులకు మూడు వందల రూపాయల విడిభాగం గుర్తు రాలేదు. తల్లిదండ్రులు మన దగ్గర ఉన్న అమానత్ అని ఎన్నోసార్లు విన్నాం. అమానత్‌ను కాపాడటం అంటే పెద్ద ప్రమాదాల నుండి కాపాడటమే అనుకున్నాం గాని, వారు రోజూ చేయి వేసే తలుపు పిడి కూడా అందులోనిదే అని తోచలేదు.

మరునాడు మెకానిక్‌లకు సెలవు. వారి కోసం ఆగదలచుకోలేదు కూడా. శనివారం సాయంత్రమే బజారుకు వెళ్ళి కొత్త యాక్చువేటర్ తెచ్చుకున్నాం. ఈ పేరు వినగానే చదువరులు బెదరనక్కరలేదు. అది అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా. అందులో 12 వోల్టుల చిన్న మోటారు, కొన్ని పళ్ళచక్రాలు, వాటితో ముందుకు వెనక్కి జరిగే ఒక పట్టీ ఉంటాయి. కరెంటు ఒక దిక్కున పారితే పట్టీ బయటకు వస్తుంది, దిక్కు మారితే లోపలికి పోతుంది. ఆ కదలిక ఒక సన్నని కడ్డీ ద్వారా లాక్ బటన్‌కు చేరుతుంది. డ్రైవరు తలుపులోని దానికి ఐదు తీగలు ఉంటాయి. మిగిలిన తలుపులను నడిపించే స్విచ్చి దానిలోనే ఉంటుంది కాబట్టి. మిగతా వాటికి రెండే. కంపెనీ నుండే సెంట్రల్ లాకింగ్‌తో వచ్చే చాలా కార్లలో ఈ మోటారు లాచ్‌తో కలిసి ఒకే భాగంగా ఉంటుంది. అటువంటివారు మొత్తం భాగాన్ని మార్చుకోవాలి.

ఆదివారం ఉదయం తలుపు తెరవడమే మొదటి పని అయింది. ఒకరం రిమోట్‌ను మళ్ళీ మళ్ళీ నొక్కుతుండగా, ఇంకొకరం అదే క్షణాన బటన్‌ను పైకి లాగాం. పదో పన్నెండో ప్రయత్నాల తరువాత అది లేచింది. తలుపు అంచున ఉండే చైల్డ్ లాక్‌ను కూడా చూశాం. అది వేసి ఉంటే లోపలి పిడి పనిచేయదు. చాలామంది దానినే చెడిపోవడంగా పొరబడతారు. మాది వేసి లేదు. నాలుగు తలుపులూ ఒకేసారి మొరాయిస్తే ఫ్యూజునో, రిమోట్‌నో అనుమానించాలి. ఒక్కటే మొరాయిస్తే లోపం ఆ తలుపులోనే ఉంటుంది.

అద్దాన్ని పూర్తిగా పైకి ఎత్తాం. అద్దం తిప్పే పిడి వెనుక ఒక గుడ్డపేలికను దూర్చి అటూ ఇటూ లాగితే, పిడిని పట్టి ఉంచే క్లిప్పు ఊడి వచ్చింది. చేయి ఆన్చే చోట ఉన్న స్క్రూలు విప్పి, గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవర్‌తో ప్యానెల్ అంచులను నెమ్మదిగా లేపాం. దాని వెనుక పలుచని ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంటుంది. అద్దం పక్క నుండి కారే వాన నీరు కారులోపలికి రాకుండా ఆపేది అదే. దానిని చింపకుండా సగం వరకు ఒలిచాం.

తలుపులో ఎయిర్‌బ్యాగ్ గాని, దానికి సంబంధించిన సెన్సార్ గాని ఉన్న కార్ల విషయంలో ఇంట్లో ఈ సాహసం చేయకండి. మాది అటువంటిది కాదు.

పాత యాక్చువేటర్ తీగలను విడదీసి, వాటికి చిన్న బల్బును కలిపి రిమోట్ నొక్కాం. బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరింది. అంటే కరెంటు సరిగ్గానే వస్తోంది. వెలగకపోతే తలుపుకూ కారు స్తంభానికీ మధ్య రబ్బరు గొట్టంలో ఉండే తీగలను చూడవలసి వచ్చేది. తలుపు తెరిచి మూసే ప్రతిసారీ అవి అక్కడే వంగి, ఏదో ఒకనాడు తెగుతాయి. లోపం మోటారు డబ్బాలోనే అని తేలాక, 10 నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్ తీగను తప్పించి, డబ్బాను విప్పి బయటకు తీశాం. తెరిచి చూస్తే గ్రీజు ఎండి మట్టితో గడ్డకట్టి ఉంది. ఒక చక్రం పళ్ళు అరిగిపోయాయి. విరిగిన ఒక పన్ను పట్టీకి అడ్డంపడి దానిని బిగించేసింది. మా నాన్నను రోడ్డు మధ్యకు దింపింది బియ్యపుగింజ కంటే చిన్నదైన ఆ ముక్క. కాదు, దానిని నెలల తరబడి అక్కడే ఉండనిచ్చిన మా బద్ధకం.

కొత్తదాన్ని బిగించడం తేలికే అయింది. చిక్కంతా కడ్డీల దగ్గర వచ్చింది. లాక్ కడ్డీనీ యాక్చువేటర్ కడ్డీనీ కలపడానికి ఒక చిన్న బిగింపు, దాని మీద గోరంత స్క్రూ ఉంటాయి. అది తలుపు లోతున, కంటికి కనబడని చోట ఉంది. మా చేతులు పట్టలేదు. రేకు అంచులకు వేలి కణుపులు గీరుకుపోయాయి. స్క్రూ రెండుసార్లు జారి తలుపు అడుగున పడింది. అయస్కాంతంతో వెతికి తీశాం.

వరండాలో పప్పు చెరుగుతున్న అమ్మీ ఇదంతా చూస్తూనే ఉంది. చాట పక్కన పెట్టి లేచి వచ్చింది.

“జరగండి, నేను చూస్త.”

మా చదువులు సాగింది అమ్మీ చుట్టిన బీడీలతో. ముప్పై ఏళ్ళు తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టిన వేళ్ళు ఆమెవి. పక్కవారితో మాట్లాడుతూ, మమ్మల్ని మందలిస్తూ, చేతివైపు చూడకుండానే చుట్టేది. ఇప్పుడు కూడా తలుపులోకి చూడలేదు. ఎటో చూస్తూ చేయి లోపలికి పోనిచ్చి, వేలికొనతో రంధ్రం వెతికి, స్క్రూను అందులో నిలిపి రెండు చుట్లు తిప్పింది. “ఇగ మీరు బిగించుకోండి” అని వెళ్ళి మళ్ళీ చాట అందుకుంది.

బ్యాటరీ కలిపాం. తలుపును మూయకుండానే, స్క్రూడ్రైవర్‌తో లాచ్‌ను మూసుకున్న స్థితికి తిప్పి రిమోట్ నొక్కాం. ఇది మరువకూడని జాగ్రత్త. పరీక్షించకుండా తలుపు మూస్తే, పొరపాటు ఉన్నప్పుడు మళ్ళీ తెరవడం కష్టమవుతుంది. మా పొరపాటు వెంటనే బయటపడింది. మూడు బటన్లు పైకి లేస్తే ఇది కిందికి దిగింది! రెండు తీగలను తారుమారుగా కలిపాం. మార్చి కలపగానే నాలుగూ ఒకేసారి లేచాయి. ఇరవై సార్లు వేసి తీసి చూశాక, లాచ్‌ను పిడితో విడిపించి, ప్లాస్టిక్ కాగితాన్ని మునుపటిలా అంటించి ప్యానెల్ బిగించేసరికి జుహర్ అజాన్ వినిపించింది.

జూన్‌లో మళ్ళీ కరీంనగర్ వెళ్ళాం. అదే రోడ్డు, వెనుక అవే హారన్లు. మేము ఇంకా సీటు బెల్టు విప్పుకుంటూ ఉండగానే ఎడమవైపు తలుపు తెరుచుకుంది. అబ్బాజాన్ ముందు చేతికర్ర దించి, తరువాత కాలు దించి, తనంతట తానే నిలబడ్డారు. “అల్ హమ్దులిల్లాహ్” అన్నారు. మేము ఆయన దగ్గరకు వెళ్ళి, వారం కాదు, నెలల పాటు తెలిసి కూడా ఊరుకున్నామని చెప్పి క్షమించమన్నాం. “నడువుండి, చీటీ కట్టాలె” అని ఆయన ముందుకు కదిలారు.

ఈ వ్యాసం చదివే సోదర సోదరీమణులకు మా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో పెద్దలు రోజూ వాడే వస్తువులను ఈ రోజే ఒకసారి చూడండి. వజూ చేసే చోట పాకుడు, మెట్టు మీద కదిలే బండ, వెలగని బల్బు, బిగుసుకున్న గడియ. వారు వాటి గురించి మీకు చెప్పరు. మా అబ్బాజాన్ కూడా చెప్పలేదు. ఆ తలుపు బటన్‌ను చలికాలం నుండి తాను కూడా చేత్తోనే లాగుతున్నానని మరమ్మతు అయ్యాక గాని ఆయన చెప్పలేదు.