రోగ్ గ్లవ్స్ ఎందుకు తీసేసింది?

తెనాలిలో అమ్మమ్మ వాళ్ళింట్లో, వెనక వసారాలో చాప మీద కూర్చుని నేను రోగ్‌ని మొదటిసారి కలుసుకున్నాను. అప్పుడు నాకు పదమూడేళ్ళు. నేను 'బయట చేరిన' రెండో రోజది. కంచం వేరు, గ్లాసు వేరు, చాప వేరు. పాఠ్యపుస్తకాలు ముట్టుకుంటే సరస్వతికి దోషమని అమ్మమ్మ వాటిని గూట్లో పెట్టేసింది. మామయ్య హైదరాబాద్‌లో ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొని తెచ్చే పాత ఇంగ్లిష్ కామిక్స్ మాత్రం ఆవిడ లెక్కలో పుస్తకాలు కావు. "బొమ్మలేగా, చూసుకో" అంటూ దూరం నుంచే చాప మీదికి విసిరింది.

"ఎవరే ఆ తెల్లపాయ జుట్టు పిల్ల?" అని ఆవిడే అడిగింది, గడప అవతల నుంచి.

"రోగ్, అమ్మమ్మా."

"రోగమా? అదేం పేరే!"

ఆ రోజు ఇద్దరం నవ్వుకున్నాం. చాలా ఏళ్ళ తర్వాత ఒక సినిమా రోగ్‌కి నిజంగానే ఒక రోగాన్ని అంటగట్టి, దానికి మందు కూడా వేసినప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఎక్స్-మెన్ కథలు తెలియని వారికోసం రెండు మాటలు. రోగ్ ఒంటిని ఎవరు తాకినా వాళ్ళ శక్తి, జ్ఞాపకాలు ఆమెలోకి వచ్చేస్తాయి. వాళ్ళు సొమ్మసిల్లిపోతారు. ఎక్కువసేపు తాకితే ప్రాణానికే ప్రమాదం. టీనేజిలో తొలిముద్దుతోనే ఆమెకీ సంగతి తెలిసింది. ఆ అబ్బాయి స్పృహ కోల్పోయాడు. అప్పటినుంచి చేతులకు గ్లవ్స్, ఒంటినిండా బట్టలు, మనుషులకు దూరం.

చాప మీద కూర్చున్న పిల్లకి ఈ కథ ఎలా వినపడి ఉంటుందో మీరు ఊహించగలరు. మన భాషలో 'ముట్టు' అంటే తాకడం. ముట్టు అంటే ఆ మూడు రోజులు కూడా. అంటుకోవడమూ అంటు అయిపోవడమూ ఒకే మాటలోంచి వచ్చాయి. తాకకూడని స్థితికి తాకడమన్న పేరే పెట్టుకున్న భాష మనది. రోగ్ నా భాషలో పుట్టిన పిల్ల అనిపించింది. అయితే నేను వసారాలో కూర్చుంటే ఆమె ఆకాశంలో ఎగిరేది. ఒక్క గుద్దుతో గోడలు పడగొట్టేది. చుట్టుపక్కల అందరికంటే గట్టిగా నవ్వేది. ముట్టుకోకూడని ఒళ్ళు బలహీనమైన ఒళ్ళు కానక్కర్లేదని నాకు మొట్టమొదట చెప్పింది ఏ స్త్రీవాద సిద్ధాంతమూ కాదు, ఆ చిరుగుల కామిక్.

తర్వాత కొన్నేళ్ళపాటు దొరికినవన్నీ చదివాను. రోగ్ మొదట కనిపించింది 1981లో, ఎవెంజర్స్ వార్షిక సంచిక పదో నంబరులో. రాసింది క్రిస్ క్లేర్‌మాంట్, బొమ్మలు మైకేల్ గోల్డెన్‌వి. అప్పుడామె దుష్టపాత్ర. కెరల్ డాన్వర్స్ అనే మరో వీరనారి మీద దాడిచేసి ఆమె శక్తుల్నీ జ్ఞాపకాల్నీ శాశ్వతంగా లాగేసుకుంటుంది. ఎగరడం, అంత బలం రోగ్‌కి అలా వచ్చినవే. ఆ సంచికకి మరో చరిత్ర కూడా ఉంది. అంతకుముందు, 1980 నాటి ఎవెంజర్స్ 200వ సంచికలో, కెరల్‌ని ఒకడు తన వశం చేసుకుని గర్భవతిని చేసి వెంట తీసుకుపోతే తోటి వీరులంతా అదేదో ప్రేమకథ అన్నట్టు సాగనంపుతారు. కెరల్ స్ట్రిక్‌లాండ్ అనే పాఠకురాలు దాన్ని అత్యాచారమని పేరుపెట్టి వ్యాసం రాసింది. క్లేర్‌మాంట్ కూడా 1981 సంచికలో కెరల్ చేతనే ఆ వీరుల్ని నిలదీయించాడు. అభిమానుల ఆశాభంగాన్ని పిల్లల అలకగా కొట్టిపారేసేవాళ్ళకి నేను ఈ సంగతే గుర్తుచేస్తుంటాను. ఒక పాత్రకి అన్యాయం జరిగిందని పాఠకురాలు అనడం కూడా సాహిత్య విమర్శే.

రోగ్‌ని పెంచింది ఇద్దరు ఆడవాళ్ళు. మిస్టిక్, డెస్టినీ. తొలిరోజుల్లో ఆ కామిక్స్ బాహాటంగా చెప్పకపోయినా వాళ్ళిద్దరూ జీవిత సహచరులు. కెరల్ జ్ఞాపకాలు తన తలలో మోయలేక, ఏది తన గతమో ఏది ఆమెదో తెలియక, 1983లో రోగ్ ఆ తల్లుల్ని వదిలి తనంతట తానే ఎక్స్-మెన్ గుమ్మం తొక్కుతుంది. అంటే రోగ్ కథ మొదటినుంచీ ఆడవాళ్ళ మధ్య కథ. ఇద్దరు అమ్మలు. తాను అన్యాయం చేసిన మరో స్త్రీ. ఆ స్త్రీ గొంతు తన లోపలే వినపడుతుంటే దానికి జవాబు చెప్పుకుంటూ బతకడం.

2000లో వచ్చిన ఎక్స్-మెన్ సినిమాని తర్వాత సీడీలో చూశాను. అందులో రోగ్ భయపడ్డ టీనేజి అమ్మాయి. ఎగరదు. బలం లేదు. కెరల్ లేదు. మిస్టిక్ ఉంది గానీ ఆమెకీ రోగ్‌కీ ఏ బంధమూ లేదు. ఒక మగవాడు ఆమెని యంత్రానికి కట్టేస్తాడు, మరో మగవాడు వచ్చి విడిపిస్తాడు. పోనీ, మొదటి సినిమా కదా, పిల్ల ఎదుగుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

ఎదగలేదు. 2006లో, నా ఇంటర్ అయిన ఎండాకాలం, 'ది లాస్ట్ స్టాండ్' సినిమాకి మామయ్య నన్ను తీసుకెళ్ళాడు. అందులో మ్యూటెంట్ల శక్తుల్ని పోగొట్టే మందు కనిపెడతారు. నయం చేయడానికి మనలో జబ్బేమీ లేదంటుంది స్టార్మ్. అంతకుమించి రోగ్‌తో ఆ మాట ఎవరూ పెద్దగా మాట్లాడరు. తన స్నేహితుడు బాబీ మరో అమ్మాయి కిట్టీతో మంచుమీద ఆడుకుంటుంటే రోగ్ కిటికీలోంచి చూసి, సంచి సర్దుకుని వెళ్ళి, మందు కోసం వరసలో నిలబడుతుంది. చివర్లో గ్లవ్స్ లేని చేత్తో తిరిగొచ్చి బాబీ చెయ్యి పట్టుకుంటుంది. అంతే. మిగతావాళ్ళంతా లోకాన్ని రక్షిస్తున్న సమయంలో ఆమె చేసిన పని అదొక్కటే.

హాల్లోంచి బయటకొచ్చి ఏడ్చాను. "సినిమాకి ఏడుస్తావేంటే" అన్నాడు మామయ్య. ఎందుకో నేనూ చెప్పలేకపోయాను. చాప మీద నాకు తోడుగా కూర్చున్న పిల్లే లేచి, "నువ్వు కూడా బాగైపో" అని చెప్పి వెళ్ళిపోయినట్టుంది.

1993లో ఇదే ప్రశ్న టీవీ యానిమేషన్ ఎక్స్-మెన్‌లో రోగ్‌కి ఎదురైంది. అక్కడామె మందు వద్దనుకుని తిరిగొస్తుంది. 2006 సినిమాకి కూడా ఆమె మందు తీసుకోకుండా వచ్చే సన్నివేశం ఒకటి తీశారు. అది డీవీడీలో ఉంది, సినిమాలో లేదు. అంటే రెండు దారులూ వాళ్ళ చేతిలో ఉన్నాయి. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఎంచుకున్నారు. 2014లో వచ్చిన 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్'లో ఆమె భాగాన్ని దాదాపు మొత్తం కత్తిరించి, మరుసటి ఏడాది 'రోగ్ కట్' పేరుతో విడిగా అమ్మారు. మూడు రోజులు బయట కూర్చోబెట్టి తర్వాత లోపలికి రమ్మన్నట్టు!

నా పీహెచ్‌డీ పురాణ పాత్రల స్త్రీవాద పునఃకథనాల మీద. ఓల్గా 'విముక్త' అందులో ఒక అధ్యాయం. కాబట్టి ఈ ఫిర్యాదు నా నోట వినగానే తోటివాళ్ళు వెంటనే పట్టుకునేవారు. సీతని మారిస్తే చప్పట్లు కొడతావు, రోగ్‌ని మారిస్తే ఏడుస్తావా? మూలానికి విధేయంగా ఉండాలని రామభక్తులు అంటే ఒప్పుకోవు, కామిక్ భక్తులు అంటే ఒప్పుకుంటావా?

న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు వెతుక్కుంటేనే నా బాధ నాకు అర్థమైంది. 'విముక్త'లో ఓల్గా సీతని శూర్పణఖ దగ్గరికి, అహల్య దగ్గరికి, రేణుక దగ్గరికి, ఊర్మిళ దగ్గరికి తీసుకెళ్ళింది. పురాణం విడదీసిన ఆడవాళ్ళని కలిపింది. ఆ కలయికలోంచే సీతకి తన నిర్ణయం తాను చేసుకునే బలం వచ్చింది. రోగ్ విషయంలో సినిమా సరిగ్గా దీనికి ఎదురు నడిచింది. ఉన్న అమ్మల్ని తీసేసింది. కెరల్‌ని తీసేసింది. మిగిలిన ఒక్క కిట్టీని సవతిని చేసింది. పాత్రని మార్చడం తప్పని నేననను. మార్చాక ఆ స్త్రీ చుట్టూ ఎవరు మిగిలారన్నదే చూస్తాను.

ఈ వాదన నాకు చాలాకాలం సరిపోయింది. హాస్టల్లో ఒక రాత్రి నా స్నేహితురాలికి ఇదంతా చెప్పాను. తను మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చిన దళిత అమ్మాయి. అప్పుడు తన పరిశోధన కోసం గోగు శ్యామల 'నల్లపొద్దు' చదువుతోంది. రోగ్, గ్లవ్స్, చాప, ముట్టు అన్నీ కలిపి నేను ఉత్సాహంగా అల్లుకుపోతుంటే చివరిదాకా విని ఇలా అంది:

"నీకు నెలకు మూడు దినాలు. నాలుగో దినం తలకు పోసుకుంటే అయిపాయె. మాకు ఆ నాలుగో దినం ఎన్నడొస్తది?"

నేనేం మాట్లాడలేదు. కాసేపాగి తనే అంది, "ఇంకోటి సూడు. ఆ పిల్ల ముట్టుకుంటె నిజంగనే పానం పోతది. మేం ముట్టుకుంటె ఏమైతది?"

అంతవరకు నేనే ఒక అనుసరణ చేస్తున్నానని నాకు తెలియలేదు. 'అంటరానితనం' అనే మాటని నా వసారా చాప కొలతకి కత్తిరించేసుకున్నాను. సినిమావాళ్ళు కెరల్‌ని తీసేసినంత తేలిగ్గా నేను మా ఇంటి వెనక దొడ్డి తుడిచే మనిషిని నా కథలోంచి తీసేశాను. నేను బయట చేరినప్పుడు కూడా ఆమె నాకంటే దూరంగానే నిలబడేది. ఆమె గ్లాసు దొడ్డిగోడ మీద ఉండేది.

తను అడిగిన రెండో ప్రశ్న సినిమా గురించి కూడా నా ఆలోచన మార్చింది. తెనాలిలో ఆ ఎండాకాలమే, ముట్టుకుంటే బూజు పడుతుందన్న ఆవకాయ జాడీని ఎవరూ చూడకుండా అరచేత్తో తాకి వచ్చాను. ఆ ఏడాదంతా ఆ ఆవకాయ తిన్నాం. బూజు రాలేదు. రోగ్ గ్లవ్స్ ఎదుటివాళ్ళ ప్రాణం మీద ఆమెకున్న బాధ్యత. మనకి తొడిగిన గ్లవ్స్ మాత్రం అబద్ధం. అమెరికాలో పుట్టిన ఆ కథ మన చాపనీ ఆ గోడమీది గ్లాసునీ పూర్తిగా మోయలేదు. దాన్ని మోయమనడం నా తప్పు.

రోగ్ మీద కోపం మాత్రం అప్పుడే పోయింది. తాకాలని, తాకించుకోవాలని ఒక ఆడపిల్ల కోరుకుంటే అందులో ఓటమి ఏముంది? నయం చేయడానికి ఏమీ లేదన్న స్టార్మ్, ఎవరినైనా భయం లేకుండా కావలించుకోగలదు. చెప్పడం ఆమెకి సులువు. నేను కూడా చాలాకాలం స్టార్మ్‌లాగే మాట్లాడాను. 2009లో మైక్ కేరీ రాసిన కామిక్స్‌లో రోగ్ తన శక్తిని వదులుకోకుండానే దాన్ని అదుపులోకి తెచ్చుకుంటుంది. అప్పుడామె గ్లవ్స్ తీస్తే నాకు సంతోషమే వేసింది. సినిమా మీద నా ఫిర్యాదు ఇప్పటికీ ఉంది. ఆమె గ్లవ్స్ తీసిందని కాదు. ఆ నిర్ణయానికి ముందు ఆమె మనసులో ఏం జరిగిందో చూపించడానికి ఆ సినిమాకి తీరిక లేకపోయింది. ఒక కిటికీ, ఒక అసూయ, ఒక వరస. అంతటితో సరిపెట్టేశారు.

నిరుడు మా అక్క కూతురు పెద్దమనిషైంది. మా అమ్మ విజయవాడ నుంచి చాప వెంటబెట్టుకునే వచ్చింది. గది మూలన పరిచి పిల్లని కూర్చోబెట్టి, వేరే కంచంలో అన్నం పెట్టింది. నేను వెళ్ళి చాప మీద కూర్చుని ఆ కంచంలోంచే ఓ ముద్ద కలుపుకున్నాను. "నీకేమైనా పిచ్చా" అంది అమ్మ. ఆ రోజంతా నన్ను కూడా ముట్టుకోలేదు.

"పిన్నీ, అమ్మమ్మకి నిజంగా ఏమన్నా అవుతుందా మనం ముట్టుకుంటే?" అనడిగింది పిల్ల.

"తెలుసుకోవాలంటే ముట్టుకుని చూడాలి" అన్నాను.

రాత్రి అమ్మ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి చాప పక్కన కింద పెట్టబోయింది. పిల్ల చెయ్యి చాపింది. అమ్మ ఒక్క క్షణం ఆగి, గ్లాసు చేతికే ఇచ్చింది.